షికాగో పబ్లిక్ స్కూళ్ళకు 734 మిలియన్ డాలర్ల లోటు: ఏటా పనికొచ్చే దారి ఏది?

లింకన్ స్క్వేర్ నాన్న:
అందరికీ నమస్తే. మా పాప సిటీ పబ్లిక్ స్కూల్లో నాలుగో తరగతి చదువుతోంది. 2025 ఆగస్టు 28న సీపీఎస్ (షికాగో పబ్లిక్ స్కూళ్ళు) బోర్డు 10.2 బిలియన్ డాలర్ల బడ్జెట్ పాస్ చేసిన సంగతి మీరూ వార్తల్లో చూసే ఉంటారు. 734 మిలియన్ల లోటు పూడ్చేశాం అన్నారు. ఎలా పూడ్చారో చదివాక నాకు టెన్షన్ తగ్గకపోగా పెరిగింది.

అందులో సగానికి పైగా, అంటే 379 మిలియన్లు, సిటీ దగ్గరున్న టిఫ్ నిధుల్లో (పేటల అభివృద్ధికని పక్కన పెట్టే ప్రాపర్టీ టాక్స్ డబ్బు) మిగులు తేలి మనకు వస్తుందన్న నమ్మకం మీద రాసుకున్న లెక్క. మిగతాది కోతలు, సర్దుబాట్లు. స్కూళ్ళు శుభ్రం చేసే కాంట్రాక్టు మనుషులను తీసేశారు. పిల్లల్ని రోడ్డు దాటించే గార్డుల పోస్టులు తగ్గించారు. సిటీ ఉద్యోగుల పెన్షన్ ఫండ్‌కు 175 మిలియన్లు కట్టమని మేయర్ అడుగుతున్నారు కదా, దాన్ని ‘అదనంగా డబ్బొస్తే కడతాం’ అని పక్కన పెట్టారు. ఇవన్నీ ఈ ఏడాది గడవడానికి. వచ్చే ఆగస్టులో మళ్ళీ ఇక్కడే ఉంటాం.

కొవిడ్ సాయంగా ఫెడరల్ ప్రభుత్వం నుంచి 2.8 బిలియన్లు వచ్చాయి. దాని గడువు 2024 సెప్టెంబరుతో తీరిపోయింది. ఆ డబ్బుతో తెచ్చుకున్న ట్యూటర్లు, కౌన్సెలర్లు పిల్లలకు నిజంగా కావలసినవాళ్ళే. కానీ జీతాలు ఏటా ఇవ్వాలి, ఆ డబ్బు ఒక్కసారే వచ్చింది.

మీకు తోచింది రాయండి. ఒక్కటే కోరిక. ఏ ఉపాయం చెప్పినా అది ఒక్క ఏడాదికా, ఏటా పనికొచ్చేదా అన్నది కూడా చెప్పండి.

నేపర్‌విల్ నివాసి:
నేను సిటీలో ఉండను. పిల్లలు ఇక్కడి శివారు స్కూల్ డిస్ట్రిక్ట్ ఇండియన్ ప్రెయిరీ 204లో చదువుతున్నారు. బయటివాడి మాటగానే తీసుకోండి.

10.2 బిలియన్లను సుమారు 3 లక్షల 25 వేల మంది పిల్లలకు పంచితే తలకు 31 వేల డాలర్లు దాటుతోంది. ఇది డబ్బు లేని డిస్ట్రిక్ట్ లెక్కలా నాకు కనబడటం లేదు. ఇరవై ఏళ్ళ కింద 4 లక్షల 30 వేల దాకా పిల్లలుండేవాళ్ళు. లక్ష మంది తగ్గారు. బిల్డింగులు, బాయిలర్లు, ప్రిన్సిపాళ్ళు అంతగా తగ్గలేదు. 150 దాకా స్కూళ్ళు సగం కూడా నిండలేదని, అందులో 47 చోట్ల మూడో వంతు కూడా లేరని ఈ మధ్యే పత్రికల్లో వచ్చింది. ఫ్రెడరిక్ డగ్లస్ అకాడమీ హైస్కూల్‌నే చూడండి. 900 మందికి పైగా పట్టే బిల్డింగులో 2024-25లో 28 మంది చదివారు. ఒక్కో పిల్లవాడికి 93 వేల డాలర్లు పడింది. ఆ 28 మందికైనా అది మంచి చదువు కాదు. ఖాళీ స్కూళ్ళు మూసి, పిల్లల్ని దగ్గరున్న పెద్ద స్కూళ్ళలో చేర్చాలి. ఇది ఏటా పనికొచ్చే ఉపాయమే.

బ్రాంజ్‌విల్ వాసి:
2013లో మూశారండీ. ఒకే దెబ్బకు 49 ఎలిమెంటరీ స్కూళ్ళు, ఒక హైస్కూల్ ప్రోగ్రాం. దాదాపు 12 వేల మంది పిల్లలు కదలాల్సి వచ్చింది. ఎక్కువమంది సౌత్ సైడ్, వెస్ట్ సైడ్‌లలోని నల్లజాతి పిల్లలు.

నేను అప్పుడు ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎంఎస్ చేస్తూ దగ్గర్లోనే అద్దెకుండేవాణ్ణి. ఆగస్టు ఆఖర్లో బళ్ళు తెరిచిన రోజు ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉంది. సందు సందుకూ ‘సేఫ్ పాసేజ్’ మనుషులు మెరిసే జాకెట్లు వేసుకుని నిలబడ్డారు. కొత్త స్కూలుకు వెళ్ళాలంటే పిల్లలు వేరే గ్యాంగు తిరిగే వీధులు దాటాలి, అందుకు. ఓ తల్లి పాత స్కూలు యూనిఫాం షర్టే వేసిన కొడుకును చెయ్యి పట్టుకుని నడిపిస్తూ, ప్రతి సిగ్నల్ దగ్గరా ఆ జాకెట్ మనిషిని దారి అడుగుతోంది. ఆ ఏడాది మూసిన ఓవర్టన్ ఎలిమెంటరీ ఇక్కడిదే. తాళం పడ్డ బిల్డింగు చుట్టూ పేట ఎలా డీలా పడుతుందో దగ్గర్నుంచి చూశాను.

చదువు సంగతికొస్తే, యూనివర్సిటీ ఆఫ్ షికాగోలో స్కూళ్ళ మీద పరిశోధన చేసే కన్సార్షియం 2018లో రిపోర్టు ఇచ్చింది. స్కూలు మూస్తున్నామని ప్రకటించిన ఏడాదే పిల్లల మార్కులు పడిపోయాయి. రీడింగ్‌లో తర్వాత కోలుకున్నారు. లెక్కల్లో మాత్రం ఆ వెనకబాటు ఏళ్ళపాటు వదల్లేదు.

ఇంకొకటి. ఇక్కడి డయెట్ హైస్కూల్‌నూ అలాగే మూశారు. 2015లో తల్లిదండ్రులు, పేటవాళ్ళు 34 రోజులు నిరాహారదీక్ష చేసి మళ్ళీ తెరిపించుకున్నారు. 2025 మార్చిలో ఆ స్కూలు అబ్బాయిలు బాస్కెట్‌బాల్‌లో స్టేట్ ఛాంపియన్లు అయ్యారు. అలాగే మూసి ఉంచితే మనం దాన్ని ‘సగం ఖాళీ బిల్డింగు’ అని లెక్కల్లో రాసుకుని మర్చిపోయేవాళ్ళం.

బాండ్ల బాబాయి:
మున్సిపల్ బాండ్ల పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. బ్రాంజ్‌విల్ వాసి గారు చెప్పింది పిల్లల వైపు నుంచి. డబ్బు వైపు నుంచి నేను చెబుతాను. 2013లో ఆ స్కూళ్ళు మూస్తే నిర్వహణ ఖర్చులో ఏడాదికి 43 మిలియన్ల దరిదాపు ఆదా అవుతుందని డిస్ట్రిక్టే అంచనా వేసింది. ఆ అంచనా అంతా నిజమైందనే అనుకోండి. 734 మిలియన్ల గోతిలో అది ఎంత? స్కూలుకు మిలియన్ కూడా పడదు. ఎందుకంటే అసలు ఖర్చు టీచర్ల జీతాలు. పిల్లలు ఎక్కడికి వెళ్తే టీచర్లూ అక్కడికే వెళ్ళాలి. మూయడానికి వేరే కారణాలు ఉండొచ్చు. లోటు పూడ్చడానికని మాత్రం ఎవరూ మూయొద్దు.

అసలు గొయ్యి ఎక్కడుందో చెబుతాను. కాస్త ఓపిగ్గా చదవండి.

1995కు ముందు టీచర్ల పెన్షన్ కోసం ప్రత్యేకంగా ఒక ప్రాపర్టీ టాక్స్ ఉండేది. ఆ ఏడాది స్టేట్ చట్టం స్కూళ్ళను మేయర్ రిచర్డ్ ఎం. డేలీ చేతిలో పెట్టింది. ఆ పన్నును మామూలు ఖర్చుల్లో కలుపుకోవచ్చని కూడా అందులోనే రాసింది. పెన్షన్ ఫండ్ అప్పటికి నిండుగా ఉంది. అందుకని పదేళ్ళు దాదాపు పైసా కట్టలేదు. ఆ డబ్బుతో జీతాలు పెంచారు, బిల్డింగులు కట్టారు, సమ్మెలు లేకుండా చూసుకున్నారు. తర్వాత ఫండ్ పడిపోయింది, కట్టాల్సింది పెరిగింది. 2010 నుంచి మూడేళ్ళు మళ్ళీ తగ్గించి కట్టమన్నారు. ఇప్పుడు ఫండ్‌లో ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. ఏటా కట్టాల్సింది బిలియన్ డాలర్ల దాకా వచ్చింది. స్టేట్ ఇచ్చేది అందులో సుమారు మూడో వంతు.

దీనికి తోడు 9.3 బిలియన్ల దీర్ఘకాలిక అప్పు ఉంది. 2016 ఫిబ్రవరిలో సీపీఎస్ 725 మిలియన్లకు బాండ్లు అమ్మితే 8.5 శాతం వడ్డీ ఇవ్వాల్సి వచ్చింది. పిల్లల స్కూళ్ళు ఆ రేటుకు అప్పు తెచ్చుకునే పరిస్థితి రావడం చూసి ఆ రోజు ఆఫీసులో మాకెవరికీ మాట రాలేదు. అప్పు తీర్చే సత్తాకు మార్కులిచ్చే మూడీస్, ఎస్ అండ్ పీ రెండూ 2025లోనూ దీన్ని జంక్ (అప్పిస్తే రిస్కు ఎక్కువన్న) రేటింగ్‌లోనే ఉంచాయి.

నేపర్‌విల్ గారూ, తలకు 31 వేలు అన్నారు. అందులో పెన్షన్ బాకీ, పాత అప్పుల వాయిదాలు ఉన్నాయి. ఆ డబ్బు క్లాస్‌రూం గడప తొక్కదు.

ఒంగోలు తాతయ్య:
మనవరాలిని చూడటానికి వచ్చి ఇక్కడ ఉన్నాను. రిటైర్డ్ హెడ్‌మాస్టర్‌ని. నాకొక సందేహం. మన దగ్గర టీచరు జీతమైనా పెన్షనైనా రాష్ట్ర ఖజానా నుంచే వస్తుంది. పేట బీదదా, కలిగినదా అన్న ప్రసక్తి రాదు. ఇక్కడ ఊరి ఇళ్ళ పన్ను మీద బడి నడవడమేమిటి? రాష్ట్రం ఏం చేస్తోంది?

ఇంకో మాట. పెన్షన్ అనేది దయాధర్మం కాదు నాయనా. 2004 సెప్టెంబరు తర్వాత చేరిన మా టీచర్లకు పాత పెన్షన్ పోయింది. వాళ్ళు ఇప్పటికీ దాని కోసం పోరాడుతున్నారు. ఖర్చు తగ్గించే దారి వెతుకుతూ మీరు మొదటి వేటు అక్కడ వెయ్యకండి.

బాండ్ల బాబాయి:
మాస్టారూ, అసలు పట్టు అక్కడే ఉంది. ఇల్లినాయ్‌లో షికాగో తప్ప మిగతా అన్ని డిస్ట్రిక్టుల టీచర్లకూ ఒకే స్టేట్ ఫండ్ ఉంది. ఆ డిస్ట్రిక్టులు జీతాల మొత్తంలో అర శాతం పైచిలుకు, 0.58 శాతం, కడతాయి. మిగతా భారమంతా స్టేట్‌దే. షికాగోకు మాత్రం సొంత ఫండ్. బరువులో ఎక్కువ భాగం షికాగో ఇళ్ళ యజమానుల మీదే.

దీనర్థం ఏమిటంటే, షికాగోలో ఉండేవాడు తన ఇన్‌కం టాక్స్‌తో నేపర్‌విల్ టీచర్ల పెన్షన్‌కు కడుతున్నాడు. తన ప్రాపర్టీ టాక్స్‌తో షికాగో టీచర్ల పెన్షన్‌కూ కడుతున్నాడు. నేపర్‌విల్‌లో ఉన్నవాళ్ళకు ఈ రెండో బిల్లు లేదు.

2017లో స్టేట్ కొత్త ఫండింగ్ చట్టం తెచ్చింది. షికాగో ఫండ్‌లో ఏటా కొత్తగా చేరే బాధ్యతను తను తీసుకుంది. అది మంచి అడుగు. కానీ పాత బాకీ అలాగే షికాగో నెత్తిన ఉండిపోయింది. అదే చట్టం ప్రకారం ప్రతి డిస్ట్రిక్టుకూ ‘ఇంత ఉంటే పిల్లలకు సరిపడా చదువు చెప్పొచ్చు’ అని ఒక లెక్క కట్టారు. 2027 నాటికి అక్కడికి చేరుస్తామని, ఏటా కనీసం 350 మిలియన్లు స్టేట్ మొత్తానికి పెంచుతామని అన్నారు. ఆ లెక్కకు షికాగో ఇప్పటికీ బిలియన్ డాలర్ల పైనే దూరంలో ఉంది.

మీ రెండో మాటకు నిశ్చింతగా ఉండండి. ఇక్కడ 1970 నాటి స్టేట్ రాజ్యాంగంలోనే పెన్షన్ తగ్గించకూడదని ఉంది. 2013లో స్టేట్ ఉద్యోగుల పెన్షన్‌కు కత్తెర వేస్తూ తెచ్చిన చట్టాన్ని 2015లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు కొట్టేసింది. 2011 నుంచి చేరినవాళ్ళకు మాత్రం ముందే తక్కువ పెన్షన్ పెట్టేశారు.

బ్రిడ్జ్‌పోర్ట్ ఓనర్:
నాది రెండంతస్తుల పాత ఇల్లు. కింద మేముంటాం, పైన అద్దెకిచ్చాం. ప్రాపర్టీ టాక్స్ బిల్లులో సగానికి పైగా స్కూళ్ళకే పోతోంది. అయినా చాలడం లేదంటే ఎంతవరకు కట్టాలి? పన్ను పెరిగిన ప్రతిసారీ పైవాళ్ళ అద్దె పెంచాలి. వాళ్ళకు ఇద్దరు పిల్లలు, ఇక్కడి పబ్లిక్ స్కూలే. పోయిన నెల బిల్లు ముందేసుకుని ఆవిడతో మాట్లాడుతుంటే, ఇంకో 150 డాలర్లు పెంచితే ఇండియానా వైపు వెళ్ళిపోతామని చెప్పింది. అప్పుడు స్కూలుకు ఇద్దరు పిల్లలు తగ్గుతారు, ఆ మేరకు స్టేట్ డబ్బుకూ గండి పడుతుంది. పన్ను పెంచండి అనే ముందు ఈ కోణం కూడా చూడండి.

లింకన్ స్క్వేర్ నాన్న:
మీ బాధ అర్థమైంది. ఏటా ద్రవ్యోల్బణం లేదా 5 శాతం, ఏది తక్కువైతే అంతకు మించి పన్ను మొత్తం పెంచకూడదని చట్టమే ఉంది. కాబట్టి ఆ దారిలో ఎలాగూ 700 మిలియన్లు రావు.

టిఫ్ గురించి కొత్తవాళ్ళ కోసం రెండు మాటలు. ఒక పేటను టిఫ్ జిల్లాగా ప్రకటిస్తే ఆ రోజు అక్కడి ఆస్తుల విలువ దగ్గర గీత గీస్తారు. తర్వాత 23 ఏళ్ళు ఆ గీతకు పైన పెరిగిన విలువ మీద వచ్చే పన్ను స్కూళ్ళకు, పార్కులకు వెళ్ళకుండా ఆ పేట అభివృద్ధి ఖాతాలో పడుతుంది. అందులో ఖర్చు కాకుండా మిగిలింది అప్పుడప్పుడూ సిటీ బయటికి తీస్తుంది. దాంట్లో సగం దాటి స్కూళ్ళ వాటా. ఈ ఏడాది మన బడ్జెట్ ఊపిరి అదే. అది ఎంత తియ్యాలో ఏటా మేయరూ కౌన్సిలూ తేల్చాలి. మన పిల్లల టీచరు ఉద్యోగం దాని మీద ఆధారపడటం నాకు నచ్చడం లేదు. పాత టిఫ్‌ల గడువు తీరినప్పుడు మళ్ళీ పొడిగించకుండా వదిలేస్తే ఆ పన్ను స్కూళ్ళకు శాశ్వతంగా వస్తుంది. అడగాల్సింది అది.

సౌత్ సైడ్ లెక్కల టీచర్:
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. సౌత్ సైడ్‌లో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. స్కూలు పేరు రాయను. యూనియన్ సభ్యురాలిని, 2019లో 11 రోజుల సమ్మెలో రోడ్డు మీద నిలబడ్డాను.

మాది కూడా సగం ఖాళీ బిల్డింగే. మూడో అంతస్తు వాడం. అయినా బాయిలర్ మూడు అంతస్తులకూ కాలుతుంది, విడిగా ఆపే ఏర్పాటు లేదు. జనవరిలో రేడియేటర్ వేడికి నా క్లాసులో కిటికీ తెరిచి పాఠం చెబుతాను. పక్క గదిలో రేడియేటర్ పనిచెయ్యదు, అక్కడి పిల్లలు కోట్లు విప్పరు. సీపీఎస్ బిల్డింగులు సగటున ఎనభై ఏళ్ళ పైబడ్డవి. 2023లో వేసిన లెక్క ప్రకారం రిపేర్లన్నిటికీ 14.4 బిలియన్లు కావాలి, అందులో తక్షణం చెయ్యాల్సినవే 3.1 బిలియన్లు.

అంతకంటే నన్ను కలచివేసేది వేరే ఉంది. పిల్లలు తక్కువైతే కోర్సులు తగ్గుతాయి. మా దగ్గర ప్రీ-కాల్క్యులస్‌కు ఆరుగురు వచ్చారు. ఆరుగురికి ఒక పీరియడ్ ఇవ్వలేమని ఆల్జీబ్రా రెండో ఏడాదివాళ్ళతో కలిపి కూర్చోబెట్టారు. నేను బోర్డుకు ఎడమవైపు ఒక పాఠం, కుడివైపు ఇంకో పాఠం రాస్తాను. ఆ ఆరుగురిలో ఒకమ్మాయి ఇంజనీరింగ్ చదవాలనుకుంటోంది. లింకన్ పార్కులోనో నార్త్ సైడ్‌లోనో ఉండుంటే ఆమెకు కాల్క్యులస్ దొరికేది.

అందుకే స్కూళ్ళు కలపడం మీద మా యూనియన్ మిత్రులకూ నాకూ కొంత తేడా ఉంది. 2027 దాకా మూసేది లేదని బోర్డు తీర్మానం ఉంది, మంచిదే. ఈలోగా పేటవాళ్ళతో కూర్చుని, ఏ రెండు స్కూళ్ళు కలిస్తే పిల్లలకు ఏ కోర్సులు వస్తాయో ముందే కాగితం మీద రాసి ఇవ్వాలి. బస్సు ఇవ్వాలి. మాగ్నెట్ (ప్రత్యేక కోర్సుల), సెలెక్టివ్ (పరీక్ష పెట్టి చేర్చుకునే) స్కూళ్ళలో ప్రత్యేక అవసరాలు లేని పిల్లలకు 2023లో బస్సులు ఆపేశారు. ఖాళీ అయిన బిల్డింగు ఏమవుతుందో తాళం వెయ్యకముందే తేలాలి. మొదటి కొన్నేళ్ళు దానికి ఖర్చే అవుతుంది, ఆదా కాదు. దాన్ని లోటు పూడ్చే ఉపాయమని అమ్మితే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

నేపర్‌విల్ నివాసి:
టీచర్ గారూ, మీరు చెప్పిన పద్ధతిలో అయితే నాకేం అభ్యంతరం లేదు. కానీ కాంట్రాక్టు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. 2025 ఏప్రిల్‌లో టీచర్ల యూనియన్‌తో ఖరారైన నాలుగేళ్ళ ఒప్పందం ఖర్చు 1.5 బిలియన్లు. ఏటా 4 నుంచి 5 శాతం జీతం పెంపు. గొయ్యి కళ్ళెదురుగా ఉండగా అంత ఒప్పుకోవడం సరైందా?

సౌత్ సైడ్ లెక్కల టీచర్:
న్యాయమైన ప్రశ్నే. 4 శాతం అంటే ధరలు పెరిగిన లెక్కకు కాస్త పైన, అంతే. ఆ ఒప్పందంలో క్లాసు సైజు తగ్గించడం, లైబ్రేరియన్లను పెట్టడం కూడా ఉన్నాయి. మా స్కూల్లో లైబ్రరీ గది ఉంది, పుస్తకాలున్నాయి, ఇచ్చే మనిషి లేరు. ఆ గదిలో ఇప్పుడు పరీక్షలు పెడుతున్నాం. ఒప్పందం రాసిన రోజునే డబ్బు ఎక్కడిదో కూడా రాసుకోవాల్సింది అన్న మాట మాత్రం నేను ఒప్పుకుంటాను. మా యూనియన్‌కూ అదే చెప్పాను.

బాండ్ల బాబాయి:
అప్పు తెచ్చి జీతాలివ్వడం మాత్రం వద్దు. 2024లో మేయర్ బ్రాండన్ జాన్సన్ 300 మిలియన్ల స్వల్పకాలిక అప్పు తెమ్మంటే అప్పటి సీపీఎస్ సీఈఓ పెడ్రో మార్టినెజ్ ససేమిరా అన్నారు. అక్టోబర్‌లో బోర్డు ఏడుగురూ రాజీనామా చేశారు, కొత్త బోర్డు డిసెంబర్‌లో ఆయన్ను తీసేసింది. మనుషుల గొడవ ఎలా ఉన్నా, అప్పు విషయంలో ఆయన మాటే సరైనదని నా నమ్మకం. ఈ ఏడాది కూడా అప్పు ప్రతిపాదన వచ్చింది, బోర్డు పక్కన పెట్టింది. ఆ ఒక్క పనికి వాళ్ళను మెచ్చుకోవాలి.

ఉన్నది అమ్ముకునే దారి కూడా ఈ ఊరు చూసింది. 2008లో సిటీ పార్కింగ్ మీటర్లను 75 ఏళ్ళకు 1.15 బిలియన్లకు ఇచ్చేసింది. ఆ డబ్బు కొద్ది ఏళ్ళలోనే ఖర్చైపోయింది, మనం మీటర్లో వేసే డబ్బు మాత్రం ఇప్పటికీ కంపెనీకే వెళ్తోంది.

ట్రాయ్ మిచిగన్:
డెట్రాయిట్ పక్కన ఉంటాను కాబట్టి ఇక్కడ జరిగింది చెబుతాను. డెట్రాయిట్ పబ్లిక్ స్కూళ్ళు ఇంకా ఘోరంగా కూరుకుపోయాయి. చాలా ఏళ్ళు స్టేట్ నియమించిన ఎమర్జెన్సీ మేనేజర్లు నడిపారు, బాగుపడలేదు. చివరికి 2016లో మిచిగన్ 617 మిలియన్ల ప్యాకేజీ పెట్టి డిస్ట్రిక్ట్‌ను రెండుగా విడదీసింది. పాతది కేవలం పన్ను వసూలు చేసి అప్పు తీర్చడానికి మిగిలింది. కొత్తది అప్పు లేకుండా, ఎన్నికైన బోర్డుతో పిల్లల చదువు చూసుకుంటోంది. క్లాస్‌రూం డబ్బు పాత బాకీలకు పోకుండా గోడ కట్టారు. షికాగోకు అలాంటిది ఎందుకు కుదరదు?

బాండ్ల బాబాయి:
కుదురుతుంది, స్టేట్ రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మనసుంటే. దివాలా తియ్యడానికి ఇల్లినాయ్ చట్టం స్కూల్ డిస్ట్రిక్టులకు దారి ఇవ్వదు, కాబట్టి ఆ మాట వదిలేద్దాం. పాత పెన్షన్ బాకీని స్టేట్ తన ఫండ్‌లోకి తీసుకుంటే, షికాగో కూడా మిగతా డిస్ట్రిక్టుల్లాగే ఉంటుంది. స్టేట్ దగ్గరా డబ్బు తక్కువే. దాని పెన్షన్ ఫండ్లు దేశంలోనే బలహీనమైన వాటిలో ఉన్నాయి. ఇన్‌కం టాక్స్ అందరికీ ఒకటే, 4.95 శాతం. ఎక్కువ సంపాదించేవాళ్ళ మీద ఎక్కువ రేటు వెయ్యాలని 2020 నవంబర్‌లో రెఫరెండం పెడితే ఓడిపోయింది. ఆ పని మళ్ళీ ఎత్తుకోకుండా ఒక్కసారిగా అంతా తీసుకోలేరు. పదిహేను, ఇరవై ఏళ్ళలో మెట్టుమెట్టుగా తీసుకునే చట్టం చేస్తే రేపే రేటింగ్ మెరుగుపడుతుంది, వడ్డీ తగ్గుతుంది.

175 మిలియన్ల గొడవ కూడా తేలాలి. ఆ సిటీ ఉద్యోగుల ఫండ్‌లో సగానికి పైగా సభ్యులు సీపీఎస్‌లో టీచర్లు కాని ఉద్యోగులే, అది నిజం. చట్టప్రకారం బాధ్యత మాత్రం సిటీది. 2020 నుంచి ఒప్పందాల మీద సీపీఎస్ చేత కట్టిస్తూ వచ్చారు. ఎవరు కట్టాలో చట్టంలో ఒకసారి రాసేస్తే, ప్రతి ఆగస్టులో దీని మీద ఊరంతా కొట్టుకోవాల్సిన పని ఉండదు.

లింకన్ స్క్వేర్ నాన్న:
ఇంత చదివాక నా అభిప్రాయం స్థిరపడింది. ఇది షికాగో స్కూళ్ళ దుబారా వల్ల వచ్చిన లోటు అనుకున్నంతకాలం కోసుకుంటూనే ఉంటాం. పాత పెన్షన్ బాకీని స్టేట్ పంచుకోవాలి. 2017లో తను ఒప్పుకున్న లెక్కను స్టేట్ నిలబెట్టుకోవాలి. గడువు తీరిన టిఫ్‌లను పొడిగించొద్దు. ఈ మూడూ ఏటా డబ్బు తెచ్చేవి. స్కూళ్ళు కలపడం టీచర్ గారు చెప్పినట్టు పిల్లల కోర్సుల కోసం చెయ్యాలి, అది వేరే పని.

నేపర్‌విల్ గారూ, మీ అసెంబ్లీ సభ్యుల ఓటు లేకుండా స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇది జరగదు. మీరు రాసే ఒక్క ఉత్తరం నేను రాసే వంద ఉత్తరాలంత విలువ.

నేపర్‌విల్ నివాసి:
రాస్తాను. కానీ నా షరతు కూడా అందులో ఉంటుంది. స్టేట్ బాకీ తీసుకుంటే, ఆ రోజు నుంచి సీపీఎస్ ఒక్క డాలరు కూడా పెన్షన్‌కు ఎగ్గొట్టే వీలు లేకుండా, అప్పుతో జీతాలు ఇచ్చే వీలు లేకుండా చట్టం ఉండాలి. 1995లో అలాంటి గొలుసు వేసి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

బాండ్ల బాబాయి:
ఆ షరతు నేను రాసినా అదే రాస్తాను.

దేవాన్ కొత్త తల్లి:
నాది హెచ్1బీ, ఓటు లేదు. 2026 నవంబర్‌లో 21 మంది స్కూల్ బోర్డు మొత్తం ఎన్నికవుతుందట. పన్ను మేమూ కడుతున్నాం, పిల్లాడు కిండర్‌గార్టెన్‌లో ఉన్నాడు. మాలాంటివాళ్ళు చెయ్యగలిగింది ఏమైనా ఉందా?

సౌత్ సైడ్ లెక్కల టీచర్:
ఉందమ్మా. 1988 సంస్కరణ చట్టం వల్ల చాలా స్కూళ్ళకు లోకల్ స్కూల్ కౌన్సిల్ ఉంది. ఆరుగురు తల్లిదండ్రులు, ఇద్దరు పేటవాళ్ళు, ఇద్దరు టీచర్లు, ఒక ఇతర ఉద్యోగి, ప్రిన్సిపాల్ అందులో ఉంటారు. హైస్కూలైతే పిల్లల తరఫునా ఉంటారు. స్కూలు బడ్జెట్‌ను ఆమోదించేది, ప్రిన్సిపాల్‌ను ఎంచుకునేది వాళ్ళే. ఆ ఎన్నికల్లో తల్లిదండ్రులకు పౌరసత్వం అక్కర్లేదు. రెండేళ్ళకోసారి, సరి సంఖ్య ఏళ్ళ వసంతంలో జరుగుతాయి. మా కౌన్సిల్‌లో మెక్సికో నుంచి వచ్చిన ఒకావిడ ఉన్నారు. స్కూల్లో కాపీ మెషీన్ లీజు ఎంత పడుతోందో అడిగి, అందులో మిగిల్చిన డబ్బుతో ట్యూటరింగ్ పెట్టించింది.

బాండ్ల బాబాయి:
ఒక జాగ్రత్త. ఈ కౌన్సిల్ ఎన్నిక వేరు, మేయర్, స్కూల్ బోర్డు, స్టేట్ ఎన్నికలు వేరు. సిటిజన్ కానివాళ్ళు ఆ రెండో రకం ఓటు జోలికి అస్సలు వెళ్ళకూడదు, వీసాకే ముప్పు. కౌన్సిల్ ఓటు వెయ్యాలన్నా ముందు మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను ఒక మాట అడగండి. సిటిజన్‌షిప్ ఫారంలో ఎప్పుడైనా ఓటు వేశారా అన్న ప్రశ్న ఉంటుంది.

దేవాన్ కొత్త తల్లి:
ఓటు లేకపోయినా మీటింగుకు వెళ్ళి మాట్లాడొచ్చా?

సౌత్ సైడ్ లెక్కల టీచర్:
మాట్లాడొచ్చు. ఆ మీటింగులు ఎవరైనా వచ్చి వినేవే, ప్రజలు మాట్లాడటానికి సమయం కూడా ఇస్తారు. తేదీలు స్కూలు ఆఫీసులో అడిగితే చెబుతారు. వెళ్ళేముందు మీ స్కూలు బడ్జెట్ పేజీ ప్రింటు తీసుకుని, పోయినేడు ఎన్ని టీచర్ పోస్టులు, ఈ ఏడాది ఎన్ని అన్న గడులు పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఎక్కడ తగ్గిందో దాని మీద మొదటి ప్రశ్న వెయ్యండి. కావాలంటే ఆ పేజీ ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం.

దేవాన్ కొత్త తల్లి:
రేపు తీసుకొచ్చి పెడతాను అక్కా.